కొనని టికెట్టు

ఒళ్లె చాట, చాటల తునికాకు.
కత్తెర సగం కోత మీదుండంగ మోగింది ఫోను.
"గంగామణి మేడం గారేనా అండీ?"
ముప్ఫయ్యేండ్ల సంది ఆకు చుడుతున్న,
కార్ఖానల సేటు సుత ఓ పిల్లా అన్నడే గని
మేడం అన్నోడు లేడు.
కొంగు సర్దుకొని కూసున్న.

"అభినందనలండీ! లక్కీ డ్రాలో మీ నెంబరుకు
ఇరవై ఐదు లక్షలు."

ఇర్వై అయిదంటే నాకెర్కైన లెక్క ఒక్కటే,
కట్టకు ఇర్వై అయిదు బీడీలు.
లచ్చ కట్టలు పేర్సుకుంట వొయిన కండ్ల ముంగట.
దూలం దాటినయి, గూన పెంక దాటినయి.
అబద్ధమెందుకు,
ఓ గడియ ఆ కుప్ప మీదెక్కి కూసున్న,
మెట్‌పల్లి మొత్తం కనవడ్డది.

"ముందుగా ఆరు వేల ఐదు వందలు కట్టాలండీ, ఫైలు ఖర్చు.
సాయంత్రం ఐదు దాటితే క్యాన్సిల్.
ఇంట్లో ఎవ్వరికీ చెప్పకండి, దిష్టి తగులుతుంది."

గీడ ఆగిన.
గల్లీల పన్నెండు మందిమి చిట్టి ఏస్తం.
చిట్టి లేవాల్నంటే పైసలు కట్టి ఉండాలె,
అందరి ముంగట చీటి తియ్యాలె.
నేను కొనని టికెట్టుకు
నా పేరెట్ల లేసింది బిడ్డా?
ఆ ఆరు వేలు అండ్లకెల్లి పట్టుకోరాదు?
ఆకు తక్కువొచ్చిందని
మా టేకేదారు కూలిల పట్టుకుంటలేడా?

ఫోన్ల కొంచెం సేపు ఉత్త గాలి.
ఆ గాలెనుక, దూరంగ,
ఇంకో గొంతు ఇంకెవలికో
"అభినందనలండీ" అంటున్నది.
దాని పక్కపొంటి ఇంకోటి.
అది గూడ కార్ఖాననే.
వాళ్లకు సుత రోజుకిన్నని లెక్కుంటదేమో.

అప్పుడు యాదికొచ్చింది లసుంబాయి.
పీర్ల పండుగ సంది ఆమె చెవులకు గంటీలు లేవు,
వేపపుల్లలున్నయి.
అడిగితే చీము పట్టిందన్నది.
పీఎఫ్ పైసలు తీసింది, ఎందుకో చెప్పలే.
ఫోను మోగితే పెరట్లకు ఉరికేది,
వచ్చినంక ఆకు వంకర కోసేది.
ఎవ్వరికీ చెప్పకండి.
ఆ మాటనే ఆమె నోటికి తాళం కప్పయింది.

వాడింక అండీ, అండీ అంటనే ఉన్నడు.
పెట్టేసిన.

చాట చంకల వెట్టుకొని వొయిన.
అరుగు మీద పక్కకు జరిగింది లసుంబాయి.
చుట్టినం. ఒక కట్ట. రెండు కట్టలు.
మూడో కట్టకు దారం కట్టుకుంట అన్న,
"నాకు సుత తగిలిందే లసుంబాయి,
ఇర్వై అయిదు లచ్చలు."

ఆమె చెయ్యి ఆగింది.
చెవి పుల్లను ఒకపారి ముట్టి చూసుకున్నది.
"ఎంత కట్టినవ్?"
అన్నది, నా మొకం చూడకుండ.