అవతల పార్టీ

బండి స్టాండు వేసే లోపే
పానకాలు రేటు చెప్పేశాడు.
"సింగ్‌నగర్లో ఈ ధరకి తూర్పు వాకిలా?
అవతల పార్టీ టోకెన్ పట్టుకుని రెడీగా ఉందండీ."
ఆ అవతల పార్టీ గురించి
మూడు నెలల్లో మూడిళ్ళ దగ్గర విన్నాను,
ఒక్కసారీ చూళ్ళేదు.

లోపల కొత్త రంగు వాసన.
గోడలు మరీ తెల్లగా,
సాక్ష్యం చెప్పటానికొచ్చినవాడి చొక్కాలా.

"బుడమేరు?" అన్నాను.
"పక్క వీధి దాకా వచ్చి ఆగిందండీ."
ఏరు కూడా ఆయనకి
రెండు శాతం ఇచ్చుకుంటుందేమో.

ఇల్లుగలావిడ రత్నమాణిక్యం
అంతసేపూ నోరు మెదపలేదు.
టీ ఇచ్చి, గ్లాసు పెట్టే వంకన
వంటింట్లోకి పిలిచి
గోడ అలమర తలుపు తీసింది.
లోపల రంగు లేదు.
నా గుండె ఎత్తున
మట్టి గీత.

"ఇదొక్కటీ వెయ్యనివ్వలేదు బాబూ.
కొనేవాళ్ళు చూడాలిగా."

గజానికి ఎంత తగ్గిస్తారని
అడగబోయినవాణ్ణి
గ్లాసు కడిగి బోర్లించాను.

బయట మెట్ల మీద పానకాలు
ఫోనులో ఇంకెవరికో చెబుతున్నాడు
అవతల పార్టీ రెడీగా ఉందని.

ఈసారి
అది నేను.