ఐదంకెల నంబరు

పుంటా అరేనాస్‌లో గాలి లేచిన రోజున
మనుషులు కొట్టుకుపోకుండా వీధుల్లో తాళ్ళు కడతారు.
ఆ తాడు పట్టుకునే నేను గ్రంథాలయంలో కొలువుకి వచ్చాను.
విచారణ బల్ల దగ్గర జునిల్డా బర్రియా.
ఎదురుగా నల్ల ఫోను, వెనకాల అరవై రెండు సొరుగులు.
ఊళ్ళో ఎవరికే అనుమానం వచ్చినా ఆ ఫోనే మోగేది.

పెంగ్విన్‌కి మోకాళ్ళుంటాయా?
గుడ్డులో రెండు సొనలుంటే మంచికా, చెడుకా?
ఆమె వేళ్ళు కార్డుల మీద
బియ్యంలో రాళ్ళేరినట్టు నడిచేవి.
"పది నిమిషాలాగి మళ్ళీ చెయ్యండి" అనేది.
చేసేవాళ్ళు.
జవాబు దొరకనివి మాత్రం
ఒక నోటు పుస్తకంలో, తేదీ వేసి, పెన్సిల్‌తో.

తొంభై ఏడులో కంప్యూటరొచ్చింది.
ఉన్నది ఒకటే లైను. అది లోకంతో మాట్లాడుతున్నంతసేపూ
ఫోను మూగది.
మేం వెతుకుతున్నామంటే
మమ్మల్నెవరూ అడగలేరన్నమాట.

మొదట మా జలసంధి కోసమే వెతికాం.
మా స్పానిష్‌లో జలసంధికీ ఇరుకుకీ మాట ఒకటే.
నాలుగు లక్షల జవాబులు.
ముందు వరసలో బిగుతు చెప్పులు,
వాటి వెనక పొట్ట పట్టని ప్యాంట్లు.
సముద్రం ఎక్కడో పదిహేడో పేజీలో.
జునిల్డా నవ్వలేదు.
"చెవులున్నాయి దీనికి, వినడం రాదు" అంది.

దానికి రాదు గనక మేమే నేర్చుకున్నాం
దాని భాష: మాటల చుట్టూ కొటేషన్ల కంచె,
అక్కర్లేని మాట ముందు తీసివేత గుర్తు.
చెప్పులు వద్దు. ప్యాంట్లు వద్దు.

ఎప్పుడు మారిందో సరిగ్గా చెప్పలేను.
ఒక మధ్యాహ్నం ఎవరో పిల్లవాడు
తిమింగలాన్ని తప్పక్షరంతో మొదలెడితే
"మీ ఉద్దేశం ఇదా?" అని అడిగింది తెర.
వెక్కిరింపు లేదు, బెత్తం లేదు.
జునిల్డా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"మర్యాద నేర్చింది" అంది.
ఆ ఏడాదే రిటైరయింది.

ఒయార్సో సంగతి చెప్పాలి.
గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు.
పదకొండేళ్ళు, హాలు ఖాళీ అయ్యాక వచ్చి
"కళ్ళద్దాలు మర్చిపోయా, కాస్త చదివి పెట్టండి" అనేవాడు.
ఆమె చదివిపెట్టేది. ఆ అద్దాలెలా ఉంటాయో
ఒక్కసారీ అడగలేదు.

మొన్న శీతాకాలం హీటరు పక్కన కూచుని
సెల్‌ఫోనుతో మాట్లాడుతున్నాడు, పక్కింటాయనతో మాట్లాడినట్టు:
"గొర్రె ముందుకాలు కుంటుతోంది, గిట్టల మధ్య
పాచిన జున్ను వాసన. ఏం చెయ్యను?"
అది చెప్పింది.
"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది కూడా.
ఆయన నాకేసి చూసి కన్ను గీటాడు.
కళ్ళద్దాల ఊసే ఎత్తలేదు.

ఆ రాత్రి నోటు పుస్తకం తీశాను.
1983, జూలై 9. ఒక ఆడమనిషి, పేరు చెప్పలేదు.
'1931 చలికాలంలో మా అమ్మని చిలోయే నుంచి తెచ్చిన
ఓడ పేరేమిటి? పొగగొట్టానికి నీలం గీత.
మెట్ల దగ్గర తారు వాసన. అంతే తెలుసు.'
కింద జునిల్డా చేతిరాత: దొరకలేదు.
మూడుసార్లు, మూడు తేదీలతో.

కంచెలు లేకుండా, తీసివేతలు లేకుండా
ఆమె అన్నది అన్నట్టే కొట్టాను, తారు వాసనతో సహా.
ఎవరో ఎక్కడో స్కాను చేసిన రేవు పద్దు,
రెండు వందల పద్నాలుగో పుట.
సిరా పాకిన ఆ గిలుకుల్ని కూడా కూడబలుక్కుని
రెండు ఓడల పేర్లు తెచ్చింది.
మొదటిదే కావచ్చు, నీలం గీతకి రుజువు లేదు, అంది.
టీ ఇంకా చల్లారలేదు.

ప్రశ్న పక్కనే ఫోను నంబరు.
ఐదంకెలు.
ఇప్పుడు మా నంబర్లకి తొమ్మిది.
తెలిసే, నల్ల ఫోనెత్తి తిప్పాను.
ఎప్పుడో రికార్డు చేసిన గొంతు
అలాంటి నంబరు లేదంది.

'దొరకలేదు' కింద ఓడ పేరు రాశాను,
పక్కన ఒక ప్రశ్నార్థకం.
పెన్సిల్‌తోనే. చెరపడానికి
తర్వాతివాళ్ళకి వీలుండాలనేది జునిల్డా.
బయట తాళ్ళు ఈలలు వేస్తున్నాయి.
ఫోను పెట్టేశాను.
లైను ఖాళీగా ఉంచాలి కదా.