నకిలీ తాళం

వెల్బెర్ట్‌లో మాకు తాళాలే తిండి.
ముప్పై ఒక్క ఏళ్ళు స్ప్రింగులు బిగించాను,
బొటనవేలికి ఇప్పటికీ ఆ వంపే.

సముద్రాల అవతల ఎవడో
మా తాళాన్ని మక్కీకి మక్కీ దించేశాడు,
మా అచ్చులో పడ్డ గీటుతో సహా.
వానలో బ్యానర్లు పట్టుకుని నిలబడ్డాం:
అక్కడ చట్టం రావాలి, రావాలి.
"మూడు నెలల్లో విరిగే సరుకది!"
మైకులో డెట్లెఫ్ గొంతు బొంగురుపోయింది.

చట్టం వచ్చింది.
అక్కడి జడ్జి మా వైపే తీర్పు చెప్పాడు.
క్యాంటీన్‌లో ప్లమ్ కేకు కోశాం,
హైడ్రున్ ఏడ్చింది కూడా.

మరుసటి వేసవికి
నక్షలన్నీ విమానం ఎక్కాయి.
యజమాని మర్యాదగానే చెప్పాడు:
ఇక దొంగల భయం లేదు కదా,
అక్కడే చేయిద్దాం.

ఇన్నాళ్ళూ
ఆ భయమే మా గేటు దగ్గర కాపలా కాసిందని
ఎవరికి తట్టింది?
దొంగచేతికి తాళాలివ్వడం విన్నాను గానీ
దొంగ పోయాక ఇల్లు ఖాళీ అవడం

అబద్ధమెందుకు, డిజైను గదిలో
ఇద్దర్ని కొత్తగా తీసుకున్నారు.
ఒకడు డెట్లెఫ్ కొడుకే,
పేటెంటు కాగితాలు రాస్తాడు.
నూట నలభై మందిమి బయట.

ఆనాడు సాక్ష్యానికని సంతలో కొన్న నకిలీది
నా సైకిలు షెడ్డుకు వేలాడుతోంది.
ఇది పదకొండో చలికాలం.
చుక్క నూనె వేస్తాను, అంతే,
టక్కున తెరుచుకుంటుంది.

దీని స్ప్రింగు బిగించినవాడెవరో.
మేం కేకు కోసిన రోజే
వాడి పనీ పోయుంటుంది.