రాయి వేసి వినడం

సుబియా దగ్గర సముద్రం సముద్రంలా ఉండదు.
పైనుంచి ఇరాక్ ఏరు బురద మోసుకొచ్చి కలుపుతుంది.
నాలుక మీద వేసుకుంటే
ఉప్పూ కాదు, తీపీ కాదు,
జ్వరం విడిచేటప్పటి చెమట.

నా పని తాడు వదలడం, తాడు లాగడం.
తాడు కొసన నీళ్లలో వినే మైకు.
అసలు నేను మంచినీళ్ల ఫ్యాక్టరీ మనిషిని.
సముద్రాన్ని తాగే గొట్టాల నోళ్లకు అడ్డంపడ్డ
జెల్లీచేపల్ని పారతో ఎత్తిపోసేవాణ్ణి.
ఈ నెల నన్ను లిన్ మేడానికి అరువిచ్చారు.

ఆమెది చైనాలో ఒక పెద్ద ఏటి ఒడ్డు.
ఏటి నీళ్లలోనే పుట్టి ఏటి నీళ్లలోనే ముసలయ్యే
పోర్పస్‌లను పదకొండేళ్లు విన్నదట.
ఇక్కడివి వాటికి దాయాదులని
రెండు చూపుడువేళ్లు పక్కపక్కన పెట్టి చూపింది.
వీపు మీద రెక్క లేదు, పొడుగు మూతి లేదు.
మస్తాన్ వలి ఫోటో చూసి
"గుమ్మడికాయకు తోక" అన్నాడు.
పడవలో ఆ పేరే ఉండిపోయింది.
ఇప్పుడు బూ జాసిమ్ కూడా చుక్కాని వదలకుండా
"గుమ్మడ్? గుమ్మడ్?" అని అడుగుతాడు.

మూడు రాత్రులు ఏమీ లేదు.
అడుగున రొయ్యలు చిటికెలు వేసుకున్నాయి, అంతే.

నాలుగో రాత్రి తెర మీద సన్నటి గీతలు.
మన చెవికి అందనంత పైన పలుకుతాయట అవి.
పడవ పక్కనే అరుస్తూ పోయినా
మనకు ఉత్త నీళ్లే.
ఆమె మీట తిప్పి, ఆ గొంతును కిందికి దించి,
నా చెవులకు తగిలించింది.

రేకు మీద కొర్రలు పోసినట్టు.
ఆగి,
మళ్లీ ఒక గుప్పెడు.
చేప దగ్గరపడితే గింజలు ఒకదాన్నొకటి తొక్కుకుని
కుట్టుమిషన్ అయిపోయి
ఠక్కున ఏమీ లేదు.
తిన్నదో, తప్పిందో.

"చూడవు. అడుగుతాయి," అంది లిన్ మేడం విరిగిన హిందీలో.
డెబ్బై గజాలు ముందుకు అడిగి
ఇరవై గజాలు మాట్లాడకుండా పోతాయట మా ఏటివి.
అడగని నీళ్లలోకి పోవట.

నేను తాడు పట్టుకునే ఉన్నాను.

చిన్నమండెంలో బోరు లారీ వెళ్లిపోయిన సాయంత్రం
నాకు ఆరేళ్లు, మా గంగులక్కకు తొమ్మిది.
ఆరునూర్ల నలభై అడుగులు.
తెల్లటి పిండి తప్ప ఏమీ రాలేదు.
పెద్దోళ్లు దూరంగా గట్టు మీద కూచుని
ఎవరి వైపూ చూడకుండా లెక్కలు మాట్లాడుకుంటున్నారు.
అక్క గులకరాయి వేసి
కేసింగ్ గొట్టానికి చెవి ఆనించింది.
నేను ఆమె మొహం చూస్తున్నా.
"ఉష్. పోతానే ఉంది.
పోతానే ఉంది రా..."
తర్వాత లేచి, చెవికి అంటిన పిండి తుడుచుకుని,
"బుడుక్ అన్నింది" అంది.

నేను నమ్మినా.
చానా ఏండ్లు నమ్మినా.
ఇప్పుడు ఫోన్లో అడిగితే
ఏ బోరు, ఏ రాయి, అని నవ్వుతుంది.
అది కిందికి పోయి ఏమన్నదో
ఆ చెవికి ఒక్కదానికే తెలుసు.

తెల్లారగట్ల పెద్ద గింజల పక్కన
చిన్నవి, తడబడుతూ.
పిల్ల కావచ్చు, లిన్ మేడం రాసుకుంది,
పక్కన ప్రశ్నార్థకం పెట్టి.
అంతలో ఆయిల్ ట్యాంకర్ ఒకటి దాటింది.
అరగంట దాని ఇంజనే ప్రపంచం.
అప్పుడవి ఏం చేస్తాయని అడిగాను.
ఆమె భుజాలు ఎగరేసి, ఫ్లాస్కులో మిగిలిన టీ
నాకు సగం పోసింది.

ఆరింటికి క్యాంపు. నీళ్లు పోయినాయని బకెట్ల గోల.
"మిద్దెక్కి చూడు సామీ,"
మస్తాన్ వలి, నోట్లో బ్రష్‌తో.
ట్యాంకు మూత ఎండకు బిగుసుకుపోయింది.
వేలి కణుపుతో పైనుంచి తట్టుకుంటూ వచ్చాను.
భుజం దగ్గర డొల్ల.
నడుం దగ్గర డొల్ల.
మోకాలి కింద
గొంతు మారింది.

"ఇంత ఉందప్పా!" కిందికి అరిచాను,
చెయ్యి మోకాలి దగ్గర పెట్టి,
ఎవరికీ కనబడదని తెలిసి కూడా.