ఏ యేటిది

కాజీపేట డీజిల్ కాలనీ, రెండో లైను.
కాలు లోపల పెట్టకముందే అడిగిండు పిలగాడు:
"అంకుల్, గిటారు ఏ యేటిది?"

ఒక్క యేటిది గాదు బిడ్డా.
ఒళ్లు డెబ్బై రెండుది,
ఆర్నాల్డ్ మాస్టరు రిటైరై పోతూ నా మెడల ఏసిపోయిండు.
దాని మెడ ఎనభై తొమ్మిదిది,
జనగామ పెండ్లికి పోతుంటే వ్యాను మీదికెల్లి పడి పాతది ఇరిగింది,
బొంబాయి నుంచి తెప్పిచ్చిన.
పికప్పులు ఎప్పటియో వాటికే తెల్వదు.
మూడో బిరడ జూడు, పసుపుపచ్చగ:
లోకోషెడ్ల టర్నర్ ఓదేలు
నైట్ డ్యూటీల ఇత్తడి ముక్క చెక్కిండు.
పైసలిస్తే తీసుకోలే,
మా సరోజన పెండ్లికి వాయించుండ్రి, చాలన్నడు.
వాయించిన.

పిలగాడు టార్చి కొట్టి ఒక్కొక్క స్క్రూ చూసిండు.
"అన్నీ ఒక్కనాటివైతే లక్ష దాటేది,
గిట్ల కలగూరగంపకు పదెనిమిది వేలు."
నా మోకాల్ల స్టీలున్నది, ముందటి పండ్లు కట్టుడువి,
మరి నన్నెంతకడుగుతవు?
అనలే.

ఆంప్ల పెట్టి లావు తీగ ఒక్కటి మీటిండు.
చెవులకు పెద్దగ ఏం రాలే.
ముప్పై ఏండ్లు గింతే: పాట అందరు ఇన్నరు,
నేను బొక్కలల్లనే ఇనబడ్డ.
గూట్ల గిన్నెలు వణికినయ్.
గోడవతలికెల్లి యశోదక్క:
"గీ యాళ్లకు ఏం గూడ్సు పోతుందే?"
పిలగాని మొఖం మారింది.
ఇర్వైకి తెగింది.

సంచి జిప్పు చెడిపోయింది, పాత చీరె పేలికతోని కట్టిచ్చిన.
బండి మూల మలిగినంక యాదికొచ్చింది,
ఎనుక రేకు కింద, కర్ర మీద,
ఓదేలు పెన్సిల్‌తోని బిడ్డ పెండ్లి తారీఖు రాసిండు.
నంబర్లు దేవులాడే పిలగాడు,
ఇయ్యాల రాత్రే ఇప్పుతడు.
గదే దీని పుట్టినరోజనుకుంటడు.
అనుకోనీ.