గేటు పడింది

కారుకి ఇంకా యాభై రెండు వాయిదాలున్నాయి.

ఇదివరకు పర్లాకిమిడి స్టేషనుకి నడిచే వెళ్లేవాణ్ణి.
కొమ్ము అరగదీసే వాసనొస్తే సగం దారి,
దాలమ్మ బజ్జీల నూనె కాగితే పావుతక్కువ తొమ్మిది.
అరుగు మీంచి మహాపాత్రో మాస్టారు
"కెమితి అచ్ఛొ?" అంటే
"బాగున్నానండి" అనేవాణ్ణి, ఆగకుండానే.

మొన్న అదే వీధిలో హారన్ కొట్టాను.
గోడకి అతుక్కుపోయి దారిచ్చిన ముసలాయన
ఆయనేనని
వెనకద్దంలో తెలిసింది.

ఇవాళ గేటు పడింది.
పాతపట్నం ఆఫీసుకి ఎలాగూ ఆలస్యమే.
గుణుపురం పాసింజరు తాపీగా పోతోంది;
నా కిటికీ సీట్లో ఎవడో
వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

అద్దం దించాను.
ఓ తొక్క ఎగిరొచ్చి బానెట్ మీద వాలింది.
గేటు లేచాక కూడా
కాసేపు
దాన్నే చూస్తూ నెమ్మదిగా నడిపాను.