ఆమె పేరుకి నేటి ధర

నేను మాటలు కొనిపెట్టేవాణ్ణి.
లూబ్లిన్‌లో సమాధుల తోట గేటు పక్కన
గెనోవెఫా స్రోకాది పూలకొట్టు.
ఆమె కోసం నెలనెలా మాటలు కొంటాను.
"చామంతి" కొంటాను, "సమాధి దీపం" కొంటాను,
"ఆదివారం తెరిచి ఉండే పూలకొట్టు" మొత్తంగా కొంటాను.
మాటకి విలువ లేదని అనేవాళ్ళు
సకల పరిశుద్ధుల పండుగ ముందు వారం నా దగ్గరికి రావాలి.
"చామంతి" మీద ఒక్క నొక్కు మూడు జ్లోటీలు.
పదిమంది ఊరికే నొక్కి వెళ్ళిపోతే
ఒక పూలకుండీ ఎవరి సమాధి మీదా పెట్టకుండానే ఖర్చయిపోతుంది.

దీన్ని వేలంపాట అంటారు.
పాటే గానీ గొంతుండదు.
సుత్తి లేదు, ఒకటోసారి లేదు, రెండోసారి లేదు.
ఎవరో తల్లి పోయిన రాత్రి
వణికే వేలితో రెండు మాటలు కొట్టి
వెతకమని అడుగుతారు.
తెర తెల్లబడి మళ్ళీ నిండేలోపే
ఆ రెండు మాటలూ అమ్ముడైపోతాయి.
పాడినవాళ్ళకి పక్కవాడి పాట వినబడదు.
పాడించే కంపెనీకి మాత్రం
అందరి జేబుల లోతూ తెలుసు.

గెనోవెఫాకి ఒక రేకు బోర్డు ఉంది,
భర్త బోజిదార్ ఆకుపచ్చ రంగుతో రాసింది.
"స్రోకా పూలు". చివరి అక్షరం దగ్గర చోటు చాలక
కాస్త కుంచించుకుపోయింది.
నలభై ఏళ్ళలో ఆ బోర్డు
రెండు డబ్బాల రంగు తప్ప ఏమీ అడగలేదు.

పోయిన అక్టోబరులో ఆమె పేరుని ఎవరో కొన్నారు.
స్రోకా పూలు అని వెతికితే
మొదట వార్సాలో ఒక గోదాము వచ్చేది,
పువ్వు వాసన ఎరగని గోదాము.
దాని కింద, వేలు జారినంత దూరంలో, ఈమె.
"నా పేరు నాదే కదా, కాయెతాన్?"
"మీదే. కానీ పైన కనబడాలంటే
మీరూ పాడాలి."
ఆ సాయంత్రం ఆమె పేరు మీద ఆమె తరఫున నేనే పాడాను.
జ్లోటీ డెబ్బై గ్రోషులు.
నెలాఖరు బిల్లులో తన పేరు రెండువందల పన్నెండుసార్లు.
కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కో వరసా చదివింది.
"బాప్తిజం రోజున ఊరికే ఇచ్చారే దీన్ని" అంది.

వసంతంలో కంపెనీ నాకూ సెలవిచ్చింది, దాదాపుగా.
మాటలు మీరు ఎంచక్కర్లేదు,
ఫోటోలు ఇవ్వండి, డబ్బు ఇవ్వండి,
ఎవరికి చూపించాలో మాకు తెలుసు అంది.
ఏం తెలిసిందో, ఎలా తెలిసిందో చెప్పదు.
మూడో వారానికి పెళ్ళికూతుళ్ళు రావడం మొదలైంది.
ఏడ్చేవాళ్ళు ఒకసారి నొక్కుతారు,
పెళ్ళివాళ్ళు పదిసార్లు నొక్కుతారు.
యంత్రం అది పసిగట్టింది.
ట్రామ్ దిగి, గేటు మీది శిలువ చూసి,
చిరునామా మళ్ళీ చూసుకునేవాళ్ళు పిల్లలు.
గెనోవెఫా నల్ల రిబ్బను చుట్ట బల్లకింద పెట్టి
తెల్ల చుట్ట కొనుక్కొచ్చింది.
డెబ్బై ఒకటో ఏట కొత్త ముడి నేర్చుకుంది.
బాగా కడుతుంది, అబద్ధం చెప్పను.
కానీ ఏ పూలు అమ్మాలో
ఆమెని ఎవరూ అడగలేదు.

మళ్ళీ నవంబరు ఒకటి.
గేటు లోపల వేల దీపాలు,
మంచులో కరిగిన మైనం వాసన.
జనం మధ్య ఒకాయన, మెడకి బూడిదరంగు మఫ్లరు,
కొట్టుకి రెండడుగుల దూరంలో
వీపు ఇటు పెట్టి నిలబడి
ఫోనుని ఏదో అడుగుతున్నాడు.
నా జేబులో ఫోను చిన్నగా అదిరింది.
మూడు జ్లోటీల ఇరవై పోయింది.
ఆయన బాణం గుర్తు వెంట మెల్లగా తిరిగి,
ఒక అడుగు, ఇంకో అడుగు,
తలెత్తి ఆకుపచ్చ బోర్డు చూశాడు.

"స్రోకా అంటే మీరేనా?"

"నేనే" అంది, చామంతుల మీద నీళ్ళు దులుపుతూ.
"ఇప్పుడే కొనుక్కున్నాను."